పిడికిలి అంటే పది

2005 డిసెంబరు 10, శనివారం. బాపట్ల.

హాజరైనవారు: మా తెనాలి జట్టు, ఎనిమిది మంది. రేపల్లె జట్టు, పన్నెండు మంది. మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్), రేపల్లె పీడీ. రిఫరీలు ఇద్దరు, ఇద్దరూ బాపట్ల వాళ్ళే. స్కోరు బల్ల దగ్గర నేను, నా పక్కన రేపల్లె నుంచి వచ్చిన సహాయక స్కోరరు, గడియారం చూసే మాస్టారు ఒకరు. తెనాలి నుంచి మాతో వచ్చిన దర్జీ. చూడవచ్చినవాళ్ళు నలభై మందికి లోపు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. పెళ్ళైనా, సమావేశమైనా, ఆటైనా ముందు ఎవరెవరు వచ్చారో రాసి, ఆ తరవాతే ఏం జరిగిందో రాయడం నా అలవాటు. ఇంట్లో దీని మీద వేళాకోళం ఉంది. "మా పెళ్ళి రోజు డైరీలో కూడా నేను హాజరైనవాళ్ళలోనే ఉన్నాను" అంటుంది నా భార్య. నిజమే. మూడో పేరు ఆమెది.

అది మా కళాశాల మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఆడిన చివరి మ్యాచ్. ఆడుతున్నప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆట ముగిశాక కొన్ని గంటల పాటు మేం గెలిచామని కూడా అనుకున్నాం.

నేను లెక్కల లెక్చరర్ని. జీవితంలో ఒక్కసారి కూడా బంతిని బుట్టలో వేయలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అంటే 1972లో, అప్పటి పీడీ స్టాఫ్ రూములోకి వచ్చి, "అంకెలు శుభ్రంగా రాసేవాళ్ళెవరండీ ఇక్కడ?" అని అడిగారు. అందరూ నన్ను చూపించారు. ఆ సాయంత్రం నుంచి స్కోరు బల్ల నాదైంది. 2003లో రిటైరయ్యాక కూడా మ్యాచ్ ఉన్నప్పుడల్లా కబురు పంపేవారు, వెళ్ళేవాణ్ణి.

మొదట్లో మాది మట్టి కోర్టు. వాన కురిస్తే మూడు రోజులు ఆట లేదు. పిల్లలే ఇసుక మోసి, నీళ్ళు మోసి సిమెంటు కోర్టు చేసుకున్నారు. దాని మూలన ఒక కుక్క నడిచి వెళ్ళిన అడుగులు చివరి దాకా అలాగే ఉన్నాయి. అంతర్ కళాశాల పోటీల్లో బాపట్ల, రేపల్లె, మేము, ఏటా ముగ్గురిలో ఎవరో ఒకరు పై రౌండుకి వెళ్ళేవాళ్ళం. ప్యాసింజరు బండిలో బంతుల సంచి పై బల్ల మీద, పొడుగు పిల్లలు తలుపు దగ్గర. టికెట్ కలెక్టర్ వాళ్ళని చూసి, "మీకు టికెట్టు అడుగుల లెక్కన తీయాలయ్యా" అనేవాడు.

మా చొక్కాలు కుట్టేది తెనాలి బజారులో ఒక ముస్లిం దర్జీ. మొదటిసారి నేను రాసిచ్చిన జాబితాలో అంకెలు నాలుగు నుంచి పదిహేను దాకా ఉన్నాయి. ఆయన మాత్రం ఒకటి నుంచి పన్నెండు దాకా కుట్టి తెచ్చాడు.

"ఒకటి, రెండు, మూడు రాయడం మర్చిపోయారు సార్. లెక్కల మాస్టారు తప్పు రాశారంటే బాగోదని నేనే సరిచేశాను" అన్నాడు.

రిఫరీ ఒకటి, రెండు, మూడు వేళ్ళు చూపిస్తే అవి పాయింట్లని, అందుకని ఆటగాళ్ళ అంకెలు నాలుగుతో మొదలవుతాయని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించాడు.

"అంటే మీ ఆటలో మొదటోడే నాలుగోవాడన్నమాట!"

ఆ మూడు చొక్కాలూ విప్పి మళ్ళీ కుట్టాడు. ఆ తరవాత మా జట్టు ఎక్కడ ఆడినా దుకాణం మూసి వచ్చేవాడు. ఆట కంటే అంకెలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూడటం ఆయనకి ముఖ్యం.

అంకెల గురించి ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఎవరైనా ఫౌల్ చేస్తే రిఫరీ స్కోరు బల్ల వైపు తిరిగి అతని అంకెను చేతులతో చూపిస్తాడు. నాలుగైతే నాలుగు వేళ్ళు. పద్నాలుగైతే ఒక చెయ్యి పిడికిలి బిగించి, రెండో చేతి నాలుగు వేళ్ళు. పిడికిలి అంటే పది. నేను ఆ అంకె ఎదురుగా ఫౌల్ రాసుకుని, అతనికి అది ఎన్నోదో తెలిసేలా అంకె ఉన్న అట్ట ఒకటి పైకెత్తాలి. అట్టలు అయిదు. అయిదో దాని మీద అంకె ఎర్రగా ఉంటుంది. ఎర్ర అట్ట లేస్తే ఆ ఆటగాడు బయటికి వచ్చెయ్యాలి.

మా జట్టుకి ఇంకో ఆచారం ఉండేది. ఫౌల్ చేసినవాడు తనే చెయ్యి పైకెత్తాలి. పాత నిబంధనల్లో అందరికీ ఉండేదే. తరవాత నిబంధన పోయింది, మిగతా జట్లు మానేశాయి. మొదటి పీడీ మాత్రం ఒప్పుకోలేదు. "తప్పు నీదైతే చెయ్యి కూడా నీదే లేవాలి" అనేవారు. ఆయన పోయాక కూడా మా పిల్లలు చెయ్యి ఎత్తుతూనే ఉన్నారు. రేపల్లె వాళ్ళకి ఇదో నవ్వులాట. "తెనాలోళ్ళు హాజరు పలుకుతున్నార్రోయ్!" అని గట్టు మీంచి అరిచేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటాక జట్టు పల్చబడింది. ఇంటర్ అయిన పిల్లలు ఇంజనీరింగ్‌కి వెళ్ళిపోతున్నారు. డిగ్రీలో చేరే మగపిల్లలే తగ్గారు. చేరినవాళ్ళు సాయంత్రం కంప్యూటర్ కోర్సులకి పరిగెత్తేవాళ్ళు. కోర్టులో సగం మేర మోటారు సైకిళ్ళు నిలబడేవి. ఆట మొదలెట్టే ముందు పిల్లలే వాటిని ఒక్కొక్కటీ పక్కకి జరిపేవాళ్ళు. 2005 నవంబరులో కళాశాల కార్యదర్శి గారు పీడీని పిలిచి సూటిగా చెప్పారు. ఈ ఏడు మొదటి రౌండు దాటితే జట్టుని ఇంకో ఏడు ఉంచుతాం. దాటకపోతే కోర్టు మీద వాహనాల షెడ్డు వేస్తాం.

ఇందులో ఎక్కువ పోయేది మా కెప్టెన్‌కి. బాపట్ల పక్కన సముద్రం ఒడ్డునున్న సూర్యలంక వాడు, చేపల వేట కుటుంబం. తెనాలిలో పిన్ని గారింట్లో ఉండి బీకాం రెండో ఏడు చదువుతున్నాడు. చొక్కా మీద అంకె నాలుగు. ఆ ఏడు విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలో చివరి దాకా వెళ్ళి ఒక్క స్థానం తేడాతో ఆగిపోయాడు. "వచ్చే ఏడు రా, నీకు చోటుంది" అని అక్కడివాళ్ళు చెప్పి పంపారు. ఆ జట్టులో ఆడిన పత్రం ఉంటే క్రీడల కోటాలో ఉద్యోగానికి వెళ్ళవచ్చు. ఎంపికకి వెళ్ళాలంటే కళాశాల పంపాలి. కళాశాల పంపాలంటే కళాశాలకి జట్టు ఉండాలి.

మ్యాచ్ పొద్దున పదింటికి మొదలైంది. మూడో భాగం అయ్యేసరికి రేపల్లె మూడు పాయింట్లు ముందుంది. మా కెప్టెన్‌కి అప్పటికే నాలుగు ఫౌళ్ళు. పీడీ గీత దగ్గర నిలబడి, "నాలుగున్నాయిరా, చేతులు దగ్గరపెట్టుకో!" అని గొంతు పోయేలా అరుస్తున్నారు.

ఆఖరి భాగం మూడో నిమిషంలో మా పద్నాలుగో అంకె పిల్లాడికి చీలమండ బెణికింది. కుంటుకుంటూ బయటికి వచ్చాడు. పీడీ కోర్టుకి వీపు పెట్టి కూర్చుని, వాడి కాలు తన ఒళ్ళో పెట్టుకుని ఐసు రుద్దుతున్నారు. ఆరో నిమిషంలో బుట్ట కింద తోపులాట జరిగింది. ఈల మోగింది. ఇద్దరు రిఫరీల్లో పెద్దాయన బల్ల వైపు తిరిగి చేతులు చూపించారు. ఒక చేతి నాలుగు వేళ్ళు, ఒక పిడికిలి. నేను పద్నాలుగు ఎదురుగా రాశాను. వాడికి అది రెండో ఫౌల్, రెండో అట్ట ఎత్తాను. పక్కనున్న రేపల్లె సహాయక స్కోరరు నా కాగితం చూసి తన కాగితంలో రాసుకున్నాడు. నిజానికి అతను విడిగా చూసి రాయాలి. కాని ఏళ్ళ తరబడి రేపల్లె వాళ్ళు నా పక్కన కూర్చుని నాది చూసే రాసుకునేవాళ్ళు. "మాస్టారు రాశాక ఇంకేంటండీ" అనేవాళ్ళు. నాకది గౌరవంగా ఉండేది.

మా పిల్లల్లో ఎవరూ చెయ్యి ఎత్తలేదు. అది నేను గమనించలేదు.

చివరి అర నిమిషంలో కెప్టెన్ ఇద్దరి మధ్య నుంచి ఎగిరి వేసిన బంతి బుట్ట అంచు చుట్టూ తిరిగి లోపల పడింది. 58–57. కాగితం మీద రిఫరీలు సంతకాలు పెట్టారు. దర్జీ తన టోపీ తీసి గాల్లోకి విసిరి, అది ఎక్కడ పడిందో తెలియక చాలాసేపు వెతుక్కున్నాడు.

బాపట్ల దాకా వచ్చి సూర్యలంక వెళ్ళకుండా తిరిగి రావడం మా జట్టులో ఎప్పుడూ లేదు. ఆ రోజు అక్కడ కెప్టెన్ వాళ్ళ అమ్మ భోజనం వండి ఉంచింది. చేపల పులుసు, వేపుడు, గుండిగెడు అన్నం. ఆమె బాపట్ల బజారులో చేపలమ్ముతుంది. వడ్డిస్తూ అడిగింది.

"ఏంటి మాస్టారూ, ఇంకో ఏడు ఆడిస్తారంటగా మావోణ్ణి?"

"గెలిచారుగా అమ్మా" అన్నాను.

"గెలవడమేంటి అన్నియ్యా, నాలుగు రోజుల్నించి తిండి మానేశాడంట. పిన్ని ఇంట్లో తలుపు గుమ్మం ఎగిరెగిరి తాకుతున్నాడంట. పైకప్పు ఊడొస్తదిరా అంటే ఇనడంట!"

పిల్లలు గొల్లున నవ్వారు. కెప్టెన్ పళ్ళెంలోకి చూస్తూ నవ్వాడు.

తిన్నాక వాళ్ళంతా నీళ్ళలోకి దిగారు. పద్నాలుగో అంకె పిల్లాడు కట్టు కట్టిన కాలు చాపుకుని ఇసకలో కూర్చుని అరుస్తున్నాడు. నేను ఒడ్డుకి లాగిన పడవ నీడలో కూర్చుని స్కోరు కాగితం నకలు డైరీలోకి ఎక్కించసాగాను. ప్రతి మ్యాచ్‌కీ చేసే పనే. ప్రతి ఫౌల్ పక్కనా అది ఎన్నో నిమిషంలో పడిందో పెన్సిలుతో రాసుకుంటాను. నిబంధనల్లో లేదు, అది నా సొంత పద్ధతి. ఆటగాళ్ళు ఎప్పుడు దిగారో, ఎప్పుడు బయటికి వచ్చారో కూడా రాసుకుంటాను.

పద్నాలుగు: మూడో నిమిషంలో బయటికి. మళ్ళీ దిగలేదు.

పద్నాలుగు: ఆరో నిమిషంలో ఫౌల్.

పెన్సిలు ఆగిపోయింది. ఎదురుగా ఆ పిల్లాడు, వాడి కట్టు. బెంచీ మీద కూర్చున్నవాడు బుట్ట కింద ఎవరినీ తోయలేడు.

నాలుగు వేళ్ళు నిజం. మరి పిడికిలి? కళ్ళు మూసుకుని ఆ రిఫరీ గారిని మళ్ళీ చూశాను. పెద్దమనిషి, పొడుం అలవాటున్నాయన. ఆట ఆగినప్పుడల్లా జేబులోంచి చిన్న పొడుం డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ ఈల మోగినప్పుడు డబ్బా ఆయన గుప్పిట్లోనే ఉంది. ఆయన చూపించింది నాలుగు. నేను చదివింది పద్నాలుగు.

అంటే అది మా కెప్టెన్ అయిదో ఫౌల్. నేను ఎర్ర అట్ట ఎత్తాల్సింది. ఆరో నిమిషంలో అతను బయటికి వచ్చెయ్యాల్సింది. గెలిపించిన ఆ చివరి బంతి అతను వేయకూడనిది.

పీడీని పిలిచి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. తడి చేతులు తుండుగుడ్డకి తుడుచుకుని మూడోసారి చదివారు.

"మాస్టారూ, సంతకాలైపోయినయ్యండి. నిబంధన ప్రకారం ఆట ముగిసింది. రేపల్లె వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు కదండీ."

"వాళ్ళు నా కాగితం చూసి రాసుకున్నారు. నన్ను నమ్మి చెప్పలేదు."

"తప్పు మీది కాదు, రిఫరీ గారిది. ఆయన్ది కూడా కాదు, పొడుం డబ్బాది! డబ్బాని పట్టుకుని రేపల్లె వెళ్తారా ఏంటండీ?"

నాకు నవ్వు వచ్చింది. ఆయనకీ వచ్చింది. నవ్వు ఆగాక ఆయన నీళ్ళ వైపు చూశారు. కెప్టెన్ అల మీద నుంచి లేస్తున్నాడు.

"వాడికి మీరే చెప్పండి. నా వల్ల కాదు" అని పక్కకి వెళ్ళిపోయారు.

కెప్టెన్ తనే వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ దూరం నుంచే చూసినట్టున్నాడు. తల తుడుచుకోకుండా వచ్చి ఇసకలో కూర్చున్నాడు. నేను డైరీ అతని వైపు తిప్పి పెన్సిలు గుర్తులు చూపించాను. అతను చదవలేదు.

"నాకు తెలుసండి" అన్నాడు.

"ఎప్పుడు?"

"అప్పుడేనండి. అయిదయినయ్యి, ఇంక అయిపోయింది అనుకున్నా. మీ వైపు చూశా. మీరు రెండో అట్ట ఎత్తారు. మీ లెక్క తప్పదు కదండీ, నేనే తప్పు లెక్కేసుకున్నానేమో అనుకున్నా." తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "అలా అనుకోవాలనుకున్నానండి."

"చెయ్యి ఎత్తలేదు నువ్వు."

"సగం లేచిందండి. మీ అట్ట చూసి దించేశా."

నీళ్ళలో పిల్లలు అతన్ని కేకలేసి పిలుస్తున్నారు. పడవ మీద వల ఆరేసి ఉంది. అతను దాని దారం ఒకటి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలీదు కదండీ?"

"నాకు తెలిసింది కదా నాయనా. రేపు పొద్దున రేపల్లె వెళ్తాను. తప్పు రాసింది నేను. వాళ్ళకి చెప్పాల్సింది కూడా నేనే."

"చెప్తే జట్టు పోద్దండి."

"పోతుంది."

"నీకు వచ్చే ఏడు ఎంత అవసరమో నాకు తెలుసు" అన్నాను. అది అతనికి ఎందుకూ పనికిరాని మాట.

అతను లేచి వేలికున్న దారం విప్పి, నడిచి వెళ్ళిపోయాడు. నీళ్ళలోకి కాదు, ఇళ్ళ వైపు. సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు అతను రాలేదు. అమ్మ దగ్గర ఉండిపోతాడట అని పిల్లలు చెప్పారు. తెనాలి దాకా దర్జీ నా పక్కన కూర్చుని, రెండో రౌండుకి కొత్త చొక్కాలు కుడతానని, ఈసారి అంకెలు కాస్త పెద్దవి పెడతానని చెబుతూ వచ్చాడు. ఆ రాత్రి డైరీలో పద్నాలుగు పక్కనున్న గుర్తు కొట్టేసి నాలుగు పక్కన వేశాను. పక్కన పొట్టి సంతకం పెట్టాను. డైరీలో కొట్టివేతకి సంతకం పెట్టడం అదే మొదటిసారి.

మర్నాడు ఆదివారం. పొద్దుటి రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. డైరీ, స్కోరు కాగితం నకలు సంచిలో ఉన్నాయి. దారి పొడుగునా మంచు. పొలాల్లో కుప్పలు వేసిన వరి కనిపించీ కనిపించకుండా ఉంది. రేపల్లె పీడీకి చెప్పాల్సిన మాటలు మనసులో మూడు విధాలుగా పేర్చుకున్నాను. ఏ విధంగా మొదలుపెట్టినా పొడుం డబ్బా దగ్గరికి వచ్చేసరికి హాస్యంగా అయిపోతోంది.

స్టేషన్ నుంచి వాళ్ళ కళాశాలకి నడిచి వెళ్ళాను. ఆదివారాలు అక్కడ అభ్యాసం ఉంటుందని తెలుసు. గేటు దాటేసరికి బంతి చప్పుడు వినిపించింది. కోర్టు గట్టు మీద రేపల్లె పీడీ టీ గ్లాసుతో కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన, చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మా కెప్టెన్ కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజామునే బాపట్లలో మొదటి బస్సు ఎక్కి చెరుకుపల్లి మీదుగా వచ్చాడట.

నన్ను చూసి లేచాడు. "చెప్పేశానండి" అన్నాడు.

రేపల్లె పీడీ నా సంచి వైపు చూసి, "కాగితాలు తియ్యొద్దులెండి మాస్టారూ, కుర్రాడు అంతా చెప్పాడు. నిమిషాలతో సహా!" అన్నారు. తరవాత తల అడ్డంగా ఊపారు. "మొత్తానికి మమ్మల్ని ఓడించింది మీరు కాదు, పొడుం డబ్బా అన్నమాట. మా వాడు ఒకడున్నాడు మీ పక్కన, వాడైనా కళ్ళెత్తి చూసుండాల్సింది. ఏంట్రా?"

నిన్నటి సహాయక స్కోరరు బంతి పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "మాస్టారు రాశారు కదండీ!" అన్నాడు.

"అదే కదా!" అన్నారాయన.

ఎదురుగా ఉన్న ఆఫీసు గదిలోంచి బాపట్ల నిర్వాహకులకి ఫోన్ చేశారు. నేనూ మాట్లాడాను. తప్పు నాదని, రాసిస్తానని చెప్పాను. వాళ్ళు ఆ నిమిషాలు నాతో మళ్ళీ చెప్పించుకున్నారు. చివరికి రేపల్లె జట్టునే రెండో రౌండుకి పంపుతామన్నారు. ఫోన్ పెట్టేశాక పీడీ ముందు నా మొహం చూశారు, తరవాత కెప్టెన్ మొహం. మా కార్యదర్శి గారి షరతు సంగతి ఆయనకి తెలుసు. ఈ మూడు ఊళ్ళలో ఆటలాడేవాళ్ళందరికీ తెలుసు.

"ఏరా అబ్బాయ్, బూట్లు తెచ్చావా?"

"లేదండి."

"మా వాళ్ళు ఇవాళ తొమ్మిది మందే వచ్చారు. పదోవాడు కావాలి. ఒట్టి కాళ్ళతో ఆడగలవా?"

"ఇసకలో ఆడినోణ్ణేనండి."

అతను దిగాడు. అంకెల చొక్కాలు లేవు, స్కోరు లేదు, రిఫరీ లేడు. నేను గట్టు మీద రేపల్లె పీడీ పక్కన కూర్చున్నాను. నాకో గ్లాసు టీ వచ్చింది. సంచి ఒళ్ళోనే ఉంది, డైరీ తీయలేదు.

పది నిమిషాలు గడిచాయేమో. బుట్ట కింద తోపులాటలో మా కెప్టెన్ మోచెయ్యి ఒకడి పక్కటెముకలకి తగిలింది. తగిలినవాడు పట్టించుకోలేదు, బంతి ముందుకు వెళ్ళిపోయింది. ఈల ఎవరూ వేయలేదు. కెప్టెన్ మాత్రం ఉన్నచోటే ఆగి కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు.

"చూడండ్రోయ్, తెనాలోడు హాజరు పలుకుతున్నాడు!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, చెయ్యి దించకుండా అలవాటుగా నా వైపు చూశాడు.

నేను టీ గ్లాసు గట్టు మీద పెట్టి, నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాను. రెండో చెయ్యి అతనికి కనిపించేలా తెరిచి ఉంచాను.